పోలమ్మ చూడని పేగు

టాటానగర్లో ఆటో అగ్రికో దాటి బారీడీహ్ దారి పట్టేసరికి పోలమ్మ ఫోన్లో కోడలికి ఆముదం కొలత చెబుతోంది.

"గరిటెడు కాదే, స్టీలు గ్లాసుకి సగం పోసీ. ఏణ్ణీలు కలిపీ. వద్దంటాడు, ముక్కు మూసి తాగించీ. నాను సెప్పీనానని సెప్పు. నొప్పేటి నొప్పి, పండగ కూడు కడుపులో కూకుండిపోనాది. కొట్టుకెల్లిపోద్ది."

అవతల కల్యాణి "ఠీక్ హై అత్తమ్మా, గరమ్ కర్‌తీ హూఁ" అని ఫోను పెట్టేసింది. వేడి చేస్తానని. బిర్సానగర్లో పుట్టి పెరిగిన పిల్ల. అత్త తెలుగంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలోనే వస్తుంది. ఆ ఇంట్లో ఎవరికీ అదొక వింతగా తోచదు.

పోలమ్మ ఒళ్ళో తడి గోనెపట్టా కప్పిన అల్యూమినియం బేసిను ఉంది. కప్పితే మాత్రం వాసన దాగుతుందా? ఎడమ పక్క కాలేజీ పిల్ల చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకుని మొహం రోడ్డు వైపు తిప్పేసుకుంది. కుడి పక్క, సాక్చీలో ఎక్కిన ముసలాయన మాత్రం ముక్కు మూసుకోలేదు. బేసిను వైపోసారి, ఆమె వైపోసారి చూసి గొంతు సవరించుకున్నాడు.

"తెలుగువాళ్ళేనా తల్లీ?"

"కాదు బాబూ, పంజాబోలం."

ఆయన నవ్వాడు. "నాది టెక్కలి. కూర్మారావంటారు. పశువుల డాక్టరుగా చేసి రిటైరయ్యాను. మా అమ్మాయి బిర్సానగర్లో ఉంటుంది, పొద్దున్నే టాటానగర్లో బండి దిగాను. అడగొచ్చో లేదో గానీ, ఆ ఆముదం కడుపునొప్పి ఉన్న మనిషికా?"

"మనిసికే. గేదికైతే నిన్నే పిలిసుందును."

ముందు సీట్లో డ్రైవరు శ్యామ్ కిసుక్కుమన్నాడు. అతనికి తెలుగు వచ్చు. బరంపురం దగ్గరివాళ్ళు, ఇంట్లో సగం ఒడియా, సగం తెలుగు.

పోలమ్మ ఎవరో చెప్పకుండా ముందుకెళ్తే కథ నడవదు. భాలుబాసాలో మాంసం దుకాణాల వెనక ఒక నీళ్ళ కొళాయి ఉంది. దాని పక్కన పలక రాయి. పెళ్ళై వచ్చిన ఏడాదే ఆమె ఆ రాయి దగ్గర కూర్చుంది, ఇంకా అక్కడే ఉంది. దుకాణంవాళ్ళు మేకని కోసి లోపలి సరుకంతా ఆమె ముందు పడేస్తారు. ఆమె దాన్ని తిరగేసి, పుల్లకి తొడిగి, సున్నం రాసి, వేడినీళ్ళు పోసి, పసుపూ ఉప్పూ వేసి పిసికి, తెల్లగా మల్లెపువ్వులా చేసి బోటీగా అమ్ముతుంది. తెలుగువాళ్ళు, ఒడియావాళ్ళు, బిహారీలు, పక్క బస్తీల ఆదివాసీలు, అందరూ ఆమె దగ్గరికే వస్తారు. బోటీ బేరంలో ఒక చిత్రముంది. ఎంత బాగా కడిగారో కొనేవాడికి కనబడదు. వాడు చూసేది సరుకుని కాదు, కడిగిన మనిషి మొహాన్ని. పోలమ్మ మొహం మీద ఇన్నేళ్ళలో ఒక్క మాట పడలేదు.

మేక లోపలి దేశం ఆమెకి కొట్టిన పిండి. తువాలు లాంటి పెద్ద సంచి, తేనెపట్టు లాంటి చిన్న సంచి, పొరలు పొరలుగా పుస్తకంలా ఉండే సంచి, చివర పులుపు వాసన కొట్టే నాలుగో సంచి. పేర్లన్నీ ఆమె పెట్టుకున్నవే. పుస్తకాలవాళ్ళు వాటికి వేరే పేర్లు పెట్టారు గానీ సంగతి ఒకటే. మేక ఆకుని గబగబా మింగి పెద్ద సంచిలో దాస్తుంది, తీరిగ్గా నీడన కూర్చుని మళ్ళీ నోటికి తెచ్చుకుని నెమరేస్తుంది. ఆ సంచిలో కంటికి కనబడని జీవాలు కోట్లకు కోట్లు కాపురముంటాయి. నిజానికి ఆకు తినేవి అవే. మేక వాటిని మేపి, తర్వాత వాటినే అరిగించుకుంటుంది. కోడిది ఇంకో దారి. పళ్ళు లేవు గనక రాళ్ళు మింగి కందనకాయలో తిరగలి పెట్టుకుంటుంది. పులికి పేగు పొట్టి, మాంసం తొందరగా అరుగుతుంది గనక. మనిషి వీటన్నిటికీ మధ్యలో ఎక్కడో నిలబడ్డాడు. ఒకటే సంచి, అందులో ఇనుమునైనా కొరికే పులుపు, కింద చుట్టలు చుట్టలుగా పేగు, సగం పని పొయ్యి మీదే అయిపోయిన కూడు.

పోలమ్మకి ఇదంతా అక్కర్లేదు. ఆమె లెక్కలో పేగంటే గొట్టం. ఒక కొసన కొళాయి పెడితే రెండో కొసన మురికి పోతుంది, తర్వాత తేట నీళ్ళు వస్తాయి. మేకదైనా అంతే, మొగుడిదైనా అంతే. బంగారమ్మ పండగ మర్నాడు ఇంటిల్లిపాదీ ఆముదం తాగి, మధ్యాహ్నం చారన్నంతో సరిపెట్టుకోవడం వాళ్ళ వీధిలో ఎప్పటినుంచో ఉన్న ఆనవాయితీ. తాతల కాలంలో టెక్కలి, పలాస వైపు నుంచి పనికి వచ్చినవాళ్ళు పెట్టె బేడాతో పాటు దాన్నీ తెచ్చుకున్నారు. ఆ ఆనవాయితీ పోలమ్మకి నచ్చినంతగా ఎవరికీ నచ్చదు. ఆమె రోజూ చేసే పనే కదా అది.

నిన్న పండగ. వీధి మొత్తానికి బోటీ కూర పోలమ్మ చేతి వంటే. నిన్న సాయంత్రమే ఆమె మొగుడు అసిరయ్య కడుపు పట్టుకుని మంచమెక్కాడు.

ఎక్కినవాడు దిగలేదు. పోలమ్మ ఎవరికీ చెప్పలేదు. కొడుకు మురళి షిఫ్టుకి వెళ్తూ "నాన్న ఏడి?" అంటే "తాగి పడుకున్నాడు" అంది. చెబితే ఏమవుతుంది? పోలమ్మ బోటీ పోలమ్మ మొగుడికే అరగలేదన్న మాట పొద్దెక్కేసరికి బిర్సానగర్ అంతా తిరిగి భాలుబాసా చేరుతుంది. ఆముదం పోస్తే గుట్టుగా సర్దుకుంటుంది. తెల్లారి పనికి పోతూ కూడా ఆమె అనుకున్నది అదే. ఇప్పుడు పని సగంలో వదిలి, అమ్మగా మిగిలిన సరుకుతో ఇంటికి మళ్ళినా అదే.

"నొప్పి మొదట ఎక్కడ పుట్టింది?" అన్నాడు కూర్మారావు.

"కడుపునొప్పి కాల్లో పుడతాదేటి బాబూ?"

"కడుపులో ఎక్కడ?"

"బొడ్డు సుట్టూ అన్నాడు."

"ఇప్పుడు?"

తెల్లారి చూసినప్పుడు అసిరయ్య కుడి మోకాలు పొట్టకి ముడుచుకుని, ఒకే పక్కకి ఒరిగి కదలకుండా ఉన్నాడు. చెయ్యి బొడ్డు మీద లేదు. కిందకి, కుడి పక్కకి జారింది.

"కుడి పక్కకి దిగినాది," అంది.

"అక్కడ నొక్కావా?"

"నొక్కితే ఓర్సుకున్నాడు. సెయ్యి తీసీసరికి కెవ్వుమన్నాడు."

"ఒళ్ళు వెచ్చగా ఉందా? వాంతయిందా?"

"ఒకపాలి అయినాది. ఒల్లు కాసింత కాల్తంది. అయినా ఇయన్నీ నీకెందుకు బాబూ? పండగ తిండి. మాయదారి మనిసి, ముక్క కనబడితే ఆగడు."

కూర్మారావు కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు. ఇందాకటి నవ్వు లేదు. "తల్లీ, నేను మనుషుల డాక్టర్ని కాను. నా మాట తప్పయితే నన్ను నాలుగు తిట్టు. కానీ ముందు ఇంటికి ఫోన్ చేసి ఆ ఆముదం ఆపించు."

"ఆముదం ఏటి సేసినాది? లోపల కడిగీద్ది."

"కడగదు, కొడుతుంది. పేగు గోడని రేపి రేపి గట్టిగా పిండిస్తుంది. దారి బాగున్నంత వరకూ పరవాలేదు. ఎక్కడో ఒకచోట వాచి చీము పట్టి ఉందనుకో, ఆ పిండుడికి అది చితికిపోతుంది."

"ఏది సితికిపోద్ది?"

"పెద్దపేగు మొదట్లో గుడ్డి సంచి ఉంటుంది చూడు, ఒకటే మూతి ఉన్నది."

పోలమ్మకి తెలియకేం. చిన్నపేగు వచ్చి పెద్దపేగులో కలిసే చోట దారి లేని సందులాంటి సంచి. దాన్ని కడగాలంటే వేలు పెట్టి తిరగెయ్యాల్సిందే.

"మనిషికి ఆ సంచి చిన్నది. దాని చివర చిటికెన వేలంత తోక ఉంటుంది. ఉండుకం అంటారు, అపెండిక్స్. మనవైపు ఇరవై నాలుగ్గంటల నొప్పి అనేవారు, విన్లేదా?"

ఆ మాట ఆమె విన్నది. చిన్నప్పుడు అమ్మమ్మ నోట విన్నది. ఎవరో దూరపు చుట్టాన్ని మంచం మీద మోసుకెళ్ళారని, మంచం ఖాళీగా తిరిగొచ్చిందని.

"ఇన్ని మేకల్ని కడిగేను. తోక నాను సూళ్ళేదు."

"మేకకి ఉండదు. ఆవుకి లేదు, కుక్కకి లేదు. కుందేలుకి ఉంది, తోకలేని పెద్ద కోతులకి ఉంది, మనకి ఉంది. ఎందుకుందంటే చదువుకున్నవాళ్ళు ఇంకా కొట్టుకుంటున్నారు. పనికిరాని మిగులు అనేవారు ఒకప్పుడు. మంచి క్రిములు దాక్కునే గది అంటున్నారు ఇప్పుడు…" ఆయన మాట ఎటో వెళ్ళబోయి మళ్ళీ దారికొచ్చింది. "ఫోన్ చెయ్యి తల్లీ."

పోలమ్మ ఫోన్ తీసింది. రింగు అయింది, అయింది, ఆగిపోయింది. మళ్ళీ చేసింది. కల్యాణి వంటింట్లో ఉన్నప్పుడు ఫోను పడకగదిలో ఛార్జింగులో ఉంటుంది, పక్కింటి పండగ పాటలు ఇంకా మోగుతూనే ఉంటాయి. పోలమ్మ కళ్ళ ముందు పొయ్యి మీద వేడెక్కుతున్న ఆముదం, స్టీలు గ్లాసు, కోడలి చెయ్యి. తను చెప్పినట్టే ముక్కు మూసి తాగిస్తుంది. ఆ పిల్లకి అత్త మాటంటే అంత భయం.

అంతలో ఆటో ఆగింది. ముందు స్టీలు చుట్టలు మోసుకెళ్ళే పెద్ద ట్రైలరు ఒకటి మలుపులో తిరగలేక రోడ్డుకి అడ్డంగా నిలబడిపోయింది. వెనక్కి రాలేదు, ముందుకి పోలేదు. అటూ ఇటూ బండ్లు హారన్లు కొడుతున్నాయి.

"శ్యామూ, సందులోంచి పోనీ."

"సందేది పిన్నీ? సైకిలు కూడా పట్టదు."

"దిగి నడిసిపోతాను."

"నడిస్తే నా కంటే ఎనకే సేరతావు. కూకో."

పోలమ్మ మళ్ళీ ఫోన్ చేసింది. ఎత్తలేదు. అటుపక్క కాలేజీ పిల్ల చున్నీ ముక్కు మీంచి తీసేసి ఏదో అడగబోయి మానేసింది. బేసిను పోలమ్మ ఒళ్ళో జారుతోంది, ఆమె పట్టించుకోవడం లేదు. కూర్మారావు చెయ్యి వేసి పట్టుకున్నాడు.

ట్రైలరు గుర్రుమని పొగ వదిలి ఒక్క మూర కదిలింది. అప్పుడే ఫోన్ మోగింది.

"అత్తమ్మా, బాబూజీ కా దర్ద్ చలా గయా."

నొప్పి పోయిందట. పోలమ్మ ఒంట్లో బిగుసుకున్నదంతా ఒక్కసారి వదులైపోయింది. ఫోన్ చెవి దగ్గరే ఉంచుకుని ముసలాయన వైపు తిరిగింది. "ఇన్నావా బాబూ? తగ్గిపోనాదంట. ఒట్టినే నా గుండెలు తీసీసినావు. గేదిల మీద సేసిన డాక్టరీ మనుసుల మీద సేత్తే ఇలాగే ఉంటాది."

కూర్మారావు నవ్వలేదు. "ఆముదం తాగాక తగ్గిందా, తాగక ముందా?"

పోలమ్మ అడిగింది. గ్లాసు ఇంకా అక్కడే ఉందట. తాగించబోతుంటే ఆయనే "ఇప్పుడు బాగుంది, ఉండు" అన్నాడట.

"మెల్లగా తగ్గిందా, ఒక్కసారిగానా?"

ఒక్కసారిగానట.

ఆయన చెప్పడానికి ఇష్టం లేనివాడిలా చెప్పాడు. "పర్లాకిమిడిలో ఒక జట్కావాడి గుర్రానికి శూల వచ్చింది. గుర్రం కక్కలేదు తల్లీ, దాని గొంతు కట్టడి అలాంటిది. లోపలికి పోయింది పైకి రాదు. నేల మీద పడి పొర్లింది, పొర్లింది, ఒక్కసారి లేచి నిలబడి నెమ్మదించింది. వాడు సంబరపడిపోయి అందరికీ బెల్లం పంచాడు. నేనూ తిన్నాను, కుర్రడాక్టర్ని. సాయంత్రానికి గుర్రం లేదు. లోపల బిగిసి ఉన్నది పగిలింది, బిగువు పోయింది, అందుకని నెమ్మదించింది."

"ఏటా మాటలు? నీ నోట మంచి మాటే రాదా?"

"పగిలాక కొంతసేపు హాయిగానే ఉంటుంది. ఆ కొంతసేపులోనే మనం ఆసుపత్రికి చేరాలి."

ఫోన్లో కల్యాణి "అత్తమ్మా? అత్తమ్మా?" అంటోంది. పోలమ్మకి రెండు దారులు కనబడ్డాయి. ఒకటి చాలా సుఖంగా ఉంది. నొప్పి తగ్గింది, మొగుడు కూర్చున్నాడు, వీధిలో ఎవరికీ తెలియలేదు. ముసలాయన ఎవరో, ఇప్పుడు దిగిపోతే మళ్ళీ కనబడడు. రెండో దారి ఈ ముసలాయన మాట. ఆమె గోనెపట్టా మీద అరచెయ్యి ఒకసారి తుడుచుకుంది.

"కల్యాణీ, ఆ గ్లాసు తీసుకెల్లి తూములో పారబొయ్యి. నీలడిగినా ఇవ్వకు. నానొత్తన్నా."

ట్రైలరు మలుపు తిరిగింది. ఆ తర్వాత శ్యామ్ ఎవర్నీ ఎక్కించుకోలేదు. కాలేజీ పిల్ల దిగాల్సిన చోట కూడా "ఆగక్కర్లేదు భయ్యా" అని, వీధి మొదట్లో దిగి వెనక్కి నడిచి పోయింది.

వీధిలో పందిరి ఇంకా విప్పలేదు. ఆముదాలు తాగిన మగాళ్ళు పనులు మానేసి అరుగుల మీద నీరసంగా వాలి ఉన్నారు. ఎదురింటి దేముడు పలకరించాడు. "ఏటి వదినా, ఆటో ఇంటికాడికే తెచ్చీసినావు? అన్నకి ఆముదం బాగా పట్టీసినాదా?"

పోలమ్మ బేసిను అరుగు మీద దించి లోపలికి నడిచింది. లోపల అసిరయ్య గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. భార్యని చూసి నవ్వాడు. "తగ్గిపోనాదే. టీ పెట్టమంటే నీ కోడలు పెట్టదు. నువ్వేటి అప్పుడే వచ్చీసినావు?"

మాట బాగానే ఉంది. మొహం బాగాలేదు. ముక్కు కొస పాలిపోయి ఉంది, నుదుటి మీద చల్లటి చెమట. పోలమ్మ చొక్కా ఎత్తి పొట్ట మీద చెయ్యి వేసింది. ఆమె అరచేతికి పేగు సంగతి తెలుసు. మెత్తగా, జారుడుగా, ఎటు తోస్తే అటు పోవాలి. అసిరయ్య పొట్ట పోలేదు. చెక్కలా అడ్డం తిరిగింది.

గుమ్మంలో నిలబడ్డ కూర్మారావు వైపు చూసింది. ఆయన తల ఊపాడు.

"లెగు. ఆసుపత్రికి."

"నీకు మతిపోనాదేటి? తగ్గింది అంతన్నాను. వీదిలో నవ్వుతారే. పండగ మర్నాడు పోలమ్మ మొగుడు ఆసుపత్రికెల్లేడంటే ఏటనుకుంటారు? ఆలోసించు."

తన భయమే మొగుడి నోటంట వినేసరికి పోలమ్మకి దాని ఆకారం కనబడింది. ఆమె గుమ్మం దాటి అరుగు మీదకి వచ్చి నిలబడింది. గట్టిగా అరవలేదు. అరవాల్సిన అవసరం లేని గొంతు అది, దుకాణాల గోలలో బేరమాడిన గొంతు.

"దేముడూ, లెగండి అందరూ. ఆడికి లోపల పగిలిపోనాది. నాను వండిన బోటీ తినే పగిలిపోనాది, అలాగే అనుకోండి, రేపు కూకుని తీరిగ్గా అనుకోండి. ఇప్పుడు మంచం పట్టండి."

ముందు దేముడు లేచాడు. అతని వెనక మిగిలినవాళ్ళు. అసిరయ్య వద్దు వద్దంటూ ఉండగానే దుప్పటితో సహా ఎత్తి ఆటోలో పెట్టారు. తల పోలమ్మ ఒళ్ళో, కాళ్ళు కల్యాణి ఒళ్ళో. కూర్మారావు శ్యామ్ పక్కన ఇరుక్కున్నాడు. ఆయన గొడుగు, సంచి, బోటీ బేసిను అరుగు మీదే ఉండిపోయాయి.

బారీడీహ్ దాటాక అసిరయ్యకి నొప్పి మళ్ళీ వచ్చింది. ఈసారి కుడి పక్కన కాదు, కడుపంతా. గతుకుల రోడ్డు మీద ఆటో ఎగిరినప్పుడల్లా పళ్ళ మధ్య నుంచి గాలి పీలుస్తున్నాడు. ఒకసారి కళ్ళు తెరిచి భార్య మొహం వెతుక్కున్నాడు.

"ఒలే పోలీ, ఒక మాట."

"మాటాడక."

"నీ బోటీ నాను తిన్లేదే. నిన్న పొద్దుట్నించే నొప్పి. ముద్ద దిగలేదు. నువ్వు నొచ్చుకుంటావని కంచంలోది దేముడి కుక్కకేసీనాను."

ఆ మాట ఒక్క గడియ ముందు, తను అరుగు మీదకి రాకముందే చెప్పి ఉంటే, తన కూర మీద తనే నింద వేసుకునేది కాదు పోలమ్మ. కల్యాణి మామ మొహం వైపు, అత్త మొహం వైపు చూసి తల దించుకుంది.

"కుక్క బాగానే ఉంది కదా," అంది పోలమ్మ.

"నిక్షేపంలా ఉంది."

"మరింక నోరు మూసుకో."

పెద్దాసుపత్రిలో కుర్ర సర్జన్ సౌరభ్ పొట్ట మీద చెయ్యి వేసీ వేయగానే మొదట అడిగింది ఒకటే, తినడానికి తాగడానికి ఏమైనా ఇచ్చారా, ఆముదం లాంటిదేమైనా పట్టించారా అని. కల్యాణి హిందీలో లేదంది. అని అత్త వైపు చూడకుండా జాగ్రత్త పడింది. అసిరయ్యని లోపలికి తీసుకుపోయారు. మురళి షిఫ్టు నుంచి నీలం డ్రస్సుతోనే పరుగెత్తుకొచ్చాడు. తలుపు మీద ఎర్ర లైటు వెలిగింది. పోలమ్మ దాని ఎదురుగా నేల మీద కూర్చుంది. కుర్చీలో కూర్చోమని ఎంత చెప్పినా వినలేదు.

చాలాసేపటికి సౌరభ్ ఒక స్టీలు ట్రే పట్టుకుని బయటికొచ్చాడు. చుట్టాలకి చూపించడం అక్కడి అలవాటు. మురళి మొహం తిప్పుకున్నాడు. పోలమ్మ లేచి వంగి చూసింది. నల్లబడి ఉబ్బిన పురుగులాంటిది, కొస దగ్గర చిరిగి ఉంది. ఎన్ని పేగులు చూసిన కళ్ళు. ఇలాంటిది చూడలేదు.

"ఇంతేనా?" అంది తెలుగులో.

"ఫట్ చుకా థా," అన్నాడు సౌరభ్. అప్పటికే పగిలిపోయిందట. చీము మొత్తం కడిగేశామన్నాడు. ఇంకా గండం గడిచినట్టు కాదన్నాడు. ఇంత దెబ్బ తిన్నాక పేగులు నిద్రపోతాయి, అవి లేచి కదిలి గాలి వదిలేదాకా గుక్కెడు నీళ్ళు కూడా పోయడానికి లేదు, లేవకపోతే… అని ఆగి, చూద్దాం అన్నాడు.

ఆ రోజు లేవలేదు. మర్నాడు పొద్దున్న నర్సు గొట్టం చెవులకి పెట్టుకుని నాలుగు మూలలా విని తల అడ్డంగా ఊపింది. అసిరయ్య ముక్కులో గొట్టం, పెదాల మీద తడి దూది. పొట్ట కొంచెం ఉబ్బింది. పోలమ్మకి నీళ్ళు పోసి కడగాలనిపించే పొట్ట, నీళ్ళు పోయకూడని పొట్ట. ఆమె చేతులకి ఏ పనీ దొరకలేదు. దేముడి పెళ్ళాం చూడ్డానికొచ్చి, కూర గిన్నెలన్నీ వీధిలో పారబోశారని జాలిగానే చెప్పింది. భాలుబాసాలో కూడా అడుగుతున్నారట. పోలమ్మ ఊ కొట్టింది. కుక్క సంగతి చెప్పాలనిపించలేదు. చెప్పినా నమ్మరు.

మధ్యాహ్నం కూర్మారావు గొడుగుతో వచ్చాడు. వరండాలో ఆమె పక్కన బల్ల మీద కూర్చుని, పలకరింపుకి జవాబు రాకపోయినా ఏమీ అనుకోలేదు. ఆయనకి మౌనం గిట్టదు. అందుకని మాట్లాడాడు. పాము ఒక్క తిండి తిని రోజుల తరబడి పడి ఉంటుందని, అప్పుడు దాని గుండె కూడా పెద్దదవుతుందని చెప్పాడు. తేనెటీగకి రెండు కడుపులని, ఒకటి దానిది, ఒకటి ఊరందరిదని చెప్పాడు. పోలమ్మ వింటోందో లేదో తెలియదు. వార్డు తలుపు మీంచి చూపు తిప్పడం లేదు.

"ఆవుకైతే సుళువు తల్లీ. ఎడం డొక్క మీద చెవి పెడితే చాలు, లోపల దూరంగా ఉరిమినట్టు వినబడుతుంది. నిమిషానికోసారైనా ఉరమాలి. ఉరిమితే రైతు మొహం చూడాలి, అప్పుడు వాడు…"

వార్డు తలుపు తెరుచుకుంది. కల్యాణి.

"అత్తమ్మా." ఆ పిల్లకి నవ్వూ ఏడుపూ కలిసిపోయి మాట రావడం లేదు. "హవా… హవా నికల్ గయీ." గాలి పోయిందట.

పోలమ్మ లేచింది. లోపలికి నడిచింది. నర్సు వార్డంతటికీ వినబడేలా, బాబాకి రెండు చెంచాల నీళ్ళు ఇవ్వొచ్చని చెబుతోంది. పక్క మంచాలవాళ్ళు కూడా సంతోషించారు. అసిరయ్య కప్పు వైపు చూస్తున్నాడు.

"ఊరందరికీ సెప్తంది ఆ నర్సు," అన్నాడు. గొంతు పీలగా ఉంది. "సిగ్గు లేదు మనిసికి."

పోలమ్మ కట్టు తగలకుండా ఎడమ పక్కన అరచెయ్యి ఆనించింది. చెక్క కాదు ఇప్పుడు. మెత్తగా ఉంది. కాసేపు ఏమీ లేదు. తర్వాత చెయ్యి కింద ఏదో చిన్నగా పొర్లింది, ఆగింది, గుడగుడమని ఇంకో వైపుకి పోయింది. ఇన్నేళ్ళలో ఆ చేతుల్లోంచి వెళ్ళిన పేగులకి లెక్క లేదు. అన్నీ కదలిక పోయాక వచ్చినవే. తనంతట తాను కదిలే పేగు ఆమె చేతికి తగలడం అదే మొదలు. మళ్ళీ కదులుతుందేమోనని చెయ్యి తియ్యలేదు. మళ్ళీ కదిలింది.

"సెయ్యి సల్లగుంది," అన్నాడు అసిరయ్య.

"ఉంటాది," అని చెయ్యి తీసి, అతని పొట్ట మీద దుప్పటి సరిచేసి, కల్యాణి చేతికి చెంచా ఇచ్చింది. కొంగు నడుంకి బిగించింది. దుకాణాల వెనక కొళాయి దగ్గర ఈ వేళకి రెండు రోజుల సరుకు పడి ఉంటుంది, లేదా ఇంకెవరో కూర్చుని ఉంటారు. కొనేవాళ్ళు ఆమె మొహం చూసి ఆగుతారో, తల తిప్పుకుని పోతారో వెళ్తే గాని తెలియదు.

వరండాలో కూర్మారావు ఎదురు చూస్తున్నాడు. ఆమె మొహం చూడగానే సంగతి అర్థమై, సంతోషం పట్టలేక, ఆగిన చోటునుంచే అందుకున్నాడు. "చెప్పానా తల్లీ, ఉరిమిందంటే ఇంక భయం లేదు. ఒకసారి మందస దగ్గర ఒక ఆవుకి…"

పోలమ్మ ఆయన ముందు నుంచే వెళ్ళింది. ఆగలేదు, తల తిప్పలేదు. ఒక్క మాట అన్నా ఏడుపు ఆగదని, ఇంక పనికి చేరలేనని ఆమెకి తెలుసు. వెనక ఆవు కథ కొంతదూరం వినబడి ఆగిపోయింది. మెట్లు దిగి, గేటు దాటి, రోడ్డు మీద భాలుబాసా వైపు పోయే ఆటోకి చెయ్యెత్తింది.